మూసిన నోళ్ల సైరన్

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో ఎవరి పేరూ ఉండదు. ఏ బొగ్గుబాయి, ఏ కాలనీ, ఏ సంవత్సరం అన్నది కూడా చెప్పను. కొన్ని వివరాలు కావాలనే మార్చాను. గోదావరిఖని అంటాను, డెబ్బైల మొదట్లో అంటాను, అంతే. ఎందుకింత జాగ్రత్త అని అడుగుతారేమో. ఒకసారి ఎంతో జాగ్రత్త పడ్డాననుకుని ఏమీ పడలేదు. అప్పుడు ఒక పిల్ల ప్రాణం మీదికి వచ్చింది. దానికి కారణం వేరెవరో కాదు, నేనే.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. బొగ్గుబాయి కార్మికుల పిల్లలు చదివే హైస్కూల్లో సైన్సు టీచర్ని. నేనూ బాయి పనివాడి కూతురినే. బెల్లంపల్లిలో పుట్టి పెరిగాను. ఆ వాడలో బీఎడ్ చేసిన మొదటి ఆడపిల్లనని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. అది చాలదన్నట్టు ఎమ్మెడ్‌లో చేరాను. సెలవుల్లో హైదరాబాదు వెళ్లి చదవడం, మిగతా రోజుల్లో ఇక్కడ పాఠాలు చెప్పుకోవడం. చివర్లో ఒక పరిశోధన రాసి ఇవ్వాలి. మా గైడు పెద్దాయన, నెమ్మదస్తుడు. "పిల్లలు ఒకరినొకరు ఎలా బాధపెట్టుకుంటారో, ఆ బాధ మనసులో ఏం చేస్తుందో ఎవరూ చూడటం లేదమ్మా. నువ్వు చూడు" అన్నాడు. నాకు భలే నచ్చింది.

మా స్టాఫ్ రూములో మాత్రం నవ్వులే నవ్వులు. "పిల్లలన్నంక కొట్టుకుంటరు, తిట్టుకుంటరు. దానికి పరిశోధనేంది మేడం?" అన్నాడు డ్రిల్లు మాస్టరు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "మీరు చిన్నప్పుడు కొట్టిన బాపతు అయ్యుంటరు సార్, తిన్న బాపతు కాదు" అన్నాను. రెండు వారాలు నాతో మాట్లాడలేదు. పీడా పోయిందనుకున్నాను.

గైడు ఇచ్చిన ప్రశ్నపత్రం గ్రాంథికంలో ఉంది. "సహాధ్యాయుల వలన నీవు మానసిక క్లేశమునకు లోనగుచున్నావా?" అని మొదటి ప్రశ్న. దాన్ని ఒక పిల్లవాడి చేత చదివిస్తే, రెండుసార్లు చదివి, "ఇది తెలుగేనా టీచర్?" అన్నాడు. అక్కడే కూర్చుని మొత్తం తిరగరాశాను. నిన్ను ఎవరన్న సతాయిస్తరా? ఎట్ల సతాయిస్తరు? అప్పుడు నీకు ఏమనిపిస్తది? ఏడికి పోతవు? అన్నీ ఇలా వాళ్ల మాటల్లోనే పెట్టాను. చివర్లో నా సొంత ప్రశ్న ఒకటి చేర్చాను. "ఇప్పటిదాక ఎవ్వరికి చెప్పని మాట ఏమన్న ఉన్నదా? ఉంటె రాయి." గైడు దాని కింద పెన్సిల్‌తో గీత గీసి, "రాస్తే ఏం చేస్తావమ్మా?" అని అడిగాడు. "ముందు రాయనివ్వండి సార్, తర్వాత చూద్దాం" అన్నాను. ఎంత ధీమా!

పత్రం మీద పేరు రాయకూడదు. పేరు రాస్తే నిజం రాయరు. కానీ అవే ప్రశ్నలు పరీక్షల ముందు మళ్లీ అడిగి, మొదటి పత్రాన్నీ రెండో పత్రాన్నీ జతచేసి చూడాలి. అందుకని పేరుకు బదులు ఒక్కొక్కరూ ఒక రహస్య నెంబరు వేసుకోవాలి. గైడు చెప్పిన పద్ధతి అది.

దసరా సెలవులు అయిపోయాక ఒక సోమవారం తొమ్మిదో తరగతిలో పత్రాలు పంచాను. ఆ తరగతి గురించి ఒక సంగతి చెప్పాలి. అందులో ఒక రొద ఉండేది. నేను నల్లబల్ల వైపు తిరిగితే చాలు, "ఊఁ" అని సన్నగా మొదలై, మెల్లగా పైకి లేచి, అలా సాగుతూ ఉండేది. ఇటు తిరిగేసరికి ఆగిపోయేది. చూస్తే అందరి నోళ్లూ మూసే ఉండేవి. నేను అల్లరి అనుకున్నాను. "ఎవర్రా తుమ్మెదను మింగింది?" అనేదాన్ని. అందరూ నవ్వేవాళ్లు, ఒక్కోసారి నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

"పేరు రాయద్దు. మీరు ఎన్నటికీ మర్చిపోని నెంబరు ఒకటి వెయ్యున్రి. ఎవరు రాసింది నాకు కూడ తెలువదు. నా మీద ఒట్టు" అని చెప్పాను. మచ్చుకు నల్లబల్ల మీద ఒక నెంబరు రాసి చూపించాను. ఆలోచించి రాసింది కాదు, చేతికి వచ్చింది రాశాను. పిల్లలు దాన్ని చూసి తలలూపారు. చకచకా ఎవరి నెంబరు వాళ్లు వేసుకున్నారు. ఎంత బాగా అర్థమైందో అని మురిసిపోయాను.

అయ్యాక పత్రాలు పోగుచెయ్యమని క్లాసు లీడరుకు చెప్పాను. ఆ అమ్మాయి చదువులో ఫస్టు, మాటలో గట్టిది. ఏడాదిన్నర కింద వాళ్ల నాన్న బాయిలో కప్పు కూలి చనిపోయాడు. తల్లికి కంపెనీ క్యాంటీన్‌లో పని ఇచ్చారు. తండ్రి పోయిన పదో రోజుకే బడికి వచ్చింది, ఎవరి ముందూ కంట తడి పెట్టలేదు. తరగతి మొత్తం ఆ పిల్ల చెప్పినట్టు వినేది. నాకు ఆ పిల్లంటే గౌరవం, ముద్దు. బెంచీ బెంచీ తిరిగి పత్రాలు తీసుకుని, దొంతర సర్ది తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఆ వారమంతా నాకు వేరే తరగతుల గొడవలు. రోజూ కొన్ని పత్రాలు ఇంటికి తీసుకుపోయి చదివేదాన్ని. కొన్ని చదివితే నవ్వొచ్చేది, కొన్ని చదివితే అన్నం సహించేది కాదు. తొమ్మిదో తరగతివి శుక్రవారం మధ్యాహ్నం, తిండి బెల్లు తర్వాత, స్టాఫ్ రూములో కూర్చుని తీశాను. సగం దాకా వచ్చాక ఒక పత్రం దగ్గర నా చెయ్యి ఆగింది.

ఎట్ల సతాయిస్తరు? "నేను గేట్ల అడుగు పెట్టంగనె సైరన్ కూస్తరు. నోరు తెరువరు. మూసిన నోట్లకెల్లి కూస్తరు. నీళ్ల నల్ల కాడ, క్లాసుల, టీచర్ అటు తిరిగినప్పుడు."

అప్పుడు నాకు తెలిసింది ఆ రొద ఏమిటో. మా వైపు రోజుకు మూడు షిఫ్టులకు మూడు సైరన్లు. వాటిని ఎవరూ పట్టించుకోరు. వేళ కాని వేళ కూసిందంటే మాత్రం బాయిలో ఎవరికో ఏదో అయిందని. ఆ కూత వింటే ఆడవాళ్లు పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే వదిలేసి గేటుకు ఉరికేవాళ్లు. మా అమ్మ అలా ఉరకడం నా చిన్నప్పుడు రెండుసార్లు చూశాను. ఆ కూతను నా వీపు వెనక ఇన్నాళ్లుగా ఒక పిల్ల మీదికి వదులుతుంటే నేను తుమ్మెద అని హాస్యాలాడాను.

కింద చదివాను. అప్పుడు నీకు ఏమనిపిస్తది? "నేను లేకుంటె మా నాయినకు మంచిగుండు అనిపిస్తది." ఏడికి పోతవు? "ఇసుక బంకరు కాడికి." చివరి ప్రశ్న, నా ప్రశ్న. ఎవ్వరికి చెప్పని మాట ఏమన్న ఉన్నదా? "ఉన్నది. రాయ."

ఇసుక బంకరంటే ఏమిటో ఇక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు. బొగ్గు తీసేసిన చోట లోపల ఖాళీ మిగులుతుంది. గోదావరి నుంచి ఇసుక తెచ్చి పెద్ద గోతిలో పోస్తారు. ఆ గోతి అడుగున ఇనుప జాలీ ఉంటుంది. నీళ్లు వదిలితే ఇసుక ఆ జాలీలోంచి జారి, గొట్టాల్లో కొట్టుకుపోయి ఆ ఖాళీని నింపుతుంది. పైనుంచి చూస్తే మామూలు ఇసుక కుప్పే. కాలు పెడితే ఎప్పుడు లోపలికి లాగుతుందో తెలియదు. ఇంటింటా పిల్లలకు అటు పోవద్దని చెప్పే పెంచుతారు.

ఎవరీ పిల్ల? ఎవరు రాసిందీ తెలియదని ఒట్టేశాను. కానీ ఇలాంటిది చదివి ఎలా ఊరుకోను? పత్రం పైన ఉన్న నెంబరు వైపు చూస్తూ కూర్చున్నాను. నాలుగంకెల నెంబరు. పక్క పత్రం చూశాను, నాలుగంకెలు. ఇంకొకటి, నాలుగంకెలు. అప్పుడు నేను నల్లబల్ల మీద మచ్చుకు రాసిన నెంబరు కళ్ల ముందుకు వచ్చింది. అది మా నాన్న టోకెన్ నెంబరు, పనిలో చేరిన రోజు కంపెనీ ఇచ్చే నెంబరు.

బాయి పనివాళ్ల పిల్లలకు పుట్టినరోజులు తెలియవు. బళ్లో చేర్చేటప్పుడు సారు రాసిందే పుట్టినరోజు. కానీ నాన్న టోకెన్ నెంబరు మాటలు వచ్చినప్పటి నుంచే వస్తుంది. దవాఖాన చీటీ మీద అదే, క్వార్టరు తలుపు మీద అదే, ల్యాంపు రూములో దీపం తగిలించే కొక్కెం మీద అదే, చివరికి మా బడి అడ్మిషన్ రిజిస్టర్లో తండ్రి పేరు పక్కన అదే. ఎన్నటికీ మర్చిపోని నెంబరు వెయ్యమంటే వాళ్లింకేం వేస్తారు? పైగా నేనే చూపించాను కదా. పేరు దాచమని చెప్పి, ఇంటి తలుపు మీది నెంబరు రాయించాను. హైదరాబాదులో పుట్టినవాడెవడూ ఈ పొరపాటు చెయ్యడు. బాయి పనివాడి కూతురిని కాబట్టి చేశాను.

రిజిస్టరు తీశాను. నిమిషం పట్టలేదు. కిటికీ పక్క బెంచీ చివర ఒక్కతే కూర్చునే పిల్ల. మూడు నెలలుగా పాఠం చెప్తున్నాను, ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు. హాజరు పట్టీ చూస్తే మంగళవారం నుంచి రాలేదు. రిజిస్టర్లో ఆ నెంబరుకు సరిగ్గా ముందు నెంబరు లీడరు తండ్రిది. ఇద్దరూ ఒకే ఊరి నుంచి వచ్చి ఒకే రోజు పనిలో చేరి ఉంటారు.

సోమవారం పత్రాలు రాశారు, మంగళవారం నుంచి ఆ పిల్ల లేదు. పత్రాలు పోగుచేసింది లీడరు. వెంటనే లీడరును వరండాలోకి పిలిచాను.

"ఆ పత్రం చూసినవా నువ్వు?"

"చూసిన."

ఇంకొకరైతే భయపడేవాళ్లు, బుకాయించేవాళ్లు. ఈ పిల్ల నా కళ్లలోకి సూటిగా చూస్తోంది. "నెంబరు చూస్తె ఎర్కయింది టీచర్. మా నాయిన నెంబరు పక్కదే గదా. 'ఉన్నది, రాయ' అని రాసింది. ఏమున్నది దానికి? మా నాయిన సంగతే ఉన్నది. వాళ్ల నాయిన మా నాయినను ఇడిసిపెట్టి ఉరికొచ్చిండు. ఇద్దరు కలిసి లోపలికి పోయిండ్రు, ఒక్కడే పాక్కుంట బయటికొచ్చిండు. ఇంకేందో దాస్తుండ్రు. చెప్పెదాక ఇడిసిపెట్టద్దనుకున్నం మేము. గా సోమారం బడి ఇడిసినంక నల్ల కాడ సుట్టుముట్టి నిలబెట్టినం."

"ఏం చేసిండ్రు?"

"కొట్టలె. కూసినం. గంటసేపు."

నా చెయ్యి లేచింది. ఆ పిల్ల కదల్లేదు, కళ్లు కూడా మూసుకోలేదు. కొట్టు, కొడితే కొట్టు అన్నట్టు నిలబడింది. అంతకుముందు నేను పిల్లల్ని కొట్టని దాన్నేం కాదు. కానీ ఆ ముఖం చూశాక చెయ్యి దానంతటదే దిగిపోయింది. "క్లాసుకు పో" అన్నాను. గొడుగు కూడా తీసుకోకుండా ఎండలో కాలనీ వైపు పరుగెత్తాను.

కిటికీ పక్క పిల్ల వాళ్ల క్వార్టరులో తల్లి కూరగాయలు కోస్తోంది. తండ్రి రెండో షిఫ్టు డ్యూటీకి బూట్లు వేసుకుంటున్నాడు. సన్నటి మనిషి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"బిడ్డ ఏది?" అన్నాను, ఏ పలకరింపూ లేకుండా.

"బళ్లకే వచ్చింది గదా టీచరమ్మా" అంది తల్లి. "పొద్దున సద్ది కట్టిచ్చి పంపిన."

"మంగళవారం నుంచి బడికి రావట్లేదు."

తల్లి కత్తిపీట పక్కకు తోసి లేచింది. నేను తండ్రితో ఒక్క మాటే చెప్పాను, "ఇసుక బంకరు" అని. ఆయన ఒక బూటుతోనే బయటికి దూకాడు. అదీ విప్పి పారేసి, వట్టి కాళ్లతో నడక మొదలుపెట్టాడు. నేను వెనకాల ఉరుకుతూనే ఉన్నాను.

దారిలోనే చెప్పాను అన్నీ. పత్రాలు, నెంబర్లు, నల్ల దగ్గర సంగతి. తప్పు నాదే అన్నాను. ఆయన తల తిప్పలేదు. "ఏం దాచింది మీ బిడ్డ? 'ఉన్నది, రాయ' అని రాసింది" అని అడిగాను. రైల్వే పట్టాలు దాటాక అన్నాడు.

"నేను ఉరకలె టీచరమ్మా."

నేను నడక ఆపేశాను. ఆయన ఆగలేదు. మళ్లీ ఉరికి అందుకున్నాను.

"కప్పు పడ్డంక వాడు నడుముల దాక బండల కింద ఉన్నడు. పానం ఉన్నది, మాట ఉన్నది. బండలు లేపితె లేవలె. చెయ్యి పట్టుకొని కూసున్న. శానసేపు. ఎంతసేపో నాకు తెల్వది. నొప్పికి మొత్తుకున్నడు. బిడ్డను పిలిసిండు. ఊకె పిలిసిండు. పానం పోయినంక నేను పాక్కుంట బయటికొచ్చిన. గేటు కాడ వాని పెండ్లాం ఉన్నది, ఆ పిల్ల ఉన్నది. ఏం జెప్పాలె? సప్పున పోయిండు, ఏం తెల్వలె వానికి అని చెప్పిన."

"మరి ఉరికిండని..."

"ఎవడో అన్నడు. నేను కాదనలె. ఉరకలె, చెయ్యి పట్టుకొని కూసున్న అంటె, ఎంతసేపు కూసున్నవని అడుగుతరు గదా? సప్పున పోయినోని చెయ్యి ఎవడన్న పట్టుకొని కూసుంటడా?" ఆయన నడక పెంచాడు. "నిద్రల కలవరిస్తుంటె నా బిడ్డ విన్నది. ఎవ్వరికి చెప్పద్దని ఒట్టు పెట్టించుకున్న. గంతే టీచరమ్మా. పద్నాలుగేండ్ల పిల్ల."

ఏడాదిన్నరగా ఆ పిల్ల రోజూ ఆ కూత వింటూ నోరు మూసుకుని కూర్చుంది. ఒక్క మాట చెబితే ఆగిపోయేది. చెబితే లీడరు ఏం వినాల్సి వస్తుందో తెలిసి చెప్పలేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడ్చే టైము లేదు.

బంకరు దగ్గరికి వచ్చేసరికి కిటికీ పక్క పిల్ల ఇసుక వాలులో కూర్చుని ఉంది. పుస్తకాలు పక్కన, మోకాళ్ల మీద గడ్డం. ఆ కాళ్లకు నాలుగు బారల కింద జాలీ. పైన గట్టు అంచున లీడరు నిలబడి ఉంది. నేను క్లాసుకు పొమ్మన్నదాన్ని పక్కనపెట్టి, అడ్డదారిన నాకంటే ముందే వచ్చింది. పత్రంలో బంకరు అని రాసింది తనూ చదివింది కదా.

నేను పేరు పెట్టి కేకెయ్యబోయాను. ఆయన నా నోటికి అడ్డంగా చెయ్యి పెట్టాడు. "మొత్తుకోకు. ఉలిక్కిపడి లేస్తది. లేస్తె ఇసుక కదులుతది" అని చెవిలో అన్నాడు. కప్పు కింద పనిచేసే మనిషి, కూలబోయేదాన్ని ఎలా కదపకూడదో ఆయనకే తెలుసు. "షిఫ్టు మొదలైతె నీళ్లు ఇడుస్తరు. గంతలనె తియ్యాలె" అంటూనే గట్టు మీద పొట్ట ఆనించి పడుకుని, మోచేతుల మీద పాకడం మొదలుపెట్టాడు. నేను ఆయన వెనకే మోకాళ్ల మీద కూలబడ్డాను. పిల్లలిద్దరి వీపులూ మా వైపే ఉన్నాయి. వాళ్ల మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"చెప్పవానె?" అంటోంది లీడరు. బడిలో వినిపించే గొంతు కాదు అది. "కూయ ఇంక. ఎవ్వర్ని కూయనియ్య. ఒక్కటి చెప్పు. మా నాయిన ఎంతసేపు బతికున్నడు? సప్పున పోయిండని అందరంటరు. మరి నువ్వేం దాస్తున్నవు?"

ఇసుక గింజలు సన్నగా జారుతున్న చప్పుడు.

"నన్ను పిలిసిండా?"

నా ముందు పాకుతున్న మనిషి ఆగిపోయాడు. కిటికీ పక్క పిల్ల తల ఎత్తి లీడరు వైపు చూసింది. ఆ గొంతు నేను మొదటిసారి విన్నాను. చిన్నది, స్థిరమైనది.

"పిలువలె."

"మరి?"

"మా నాయిన ఉరికిండు. గదే దాసిన. కప్పు సప్పుడు కాంగనె ఉరికిండు. మల్లి సూసెటాలకు మీ నాయిన లేడు. ఒక్కసారె అయిపోయింది. ఆయినకు ఏం తెల్వలె. మా నాయిన పిరికోడని చెప్పుకోవాలంటె సిగ్గయింది, దాసిన."

"గంతేనా?"

"గంతే. ఒట్టు."

లీడరు నిలబడ్డ చోటే కూలిపోయింది. గట్టు అంచున ఇసుక ఆ బరువుకు విరిగి, పిల్లను మోసుకుంటూ కిందికి జారింది. కిటికీ పక్క పిల్ల బొక్కబోర్లా పడి రెండు చేతులతో దాని మణికట్టు పట్టుకుంది. ఇద్దరూ కలిసి జారుతున్నారు. "కాళ్లు పట్టుకో టీచరమ్మా!" అని అరిచి ఆయన ముందుకు దూకాడు. మెడలోని తువ్వాల విసిరి, కూతురి చేతికి అందించాడు. నేను ఆయన చీలమండలు పట్టుకుని, మడమలు గట్టుకు తన్నిపెట్టి, అమ్మా, నాయనా, దేవుడా అని ఏదేదో అరుస్తూ లాగాను. తువ్వాల చిరుగుతున్న చప్పుడు వినిపించింది. ముందు ఆయన కూతురు, ఆ కూతురి చేతికి వేలాడుతూ లీడరు, ఇద్దరూ గట్టు మీద పడ్డారు.

లీడరు ఏడుస్తోంది. నోరు బారుగా తెరిచి, పసిపిల్లలా, ఇసుక నోట్లోకి పోతున్నా పట్టకుండా ఏడుస్తోంది. ఏడాదిన్నర ఏడుపు. కిటికీ పక్క పిల్ల పక్కన కూర్చుని దాని జుట్టులోని ఇసుక దులుపుతోంది. కొంతసేపటికి లీడరు తల ఎత్తి ఆయన వైపు చూసింది. ఒకే ఊరివాళ్లు, ఒకప్పుడు ఒకే ఇంటివాళ్లలా మెలిగినవాళ్లు.

"నిజమేనా కాకా?"

నాకు అరవాలనిపించింది. అంతా అబద్ధం, ఈ మనిషి కదల్లేదు, మీ నాన్న చెయ్యి వదల్లేదు అని గొంతు చించుకోవాలనిపించింది. ఆయన నా వైపు చూడనే లేదు. కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల తల దించుకుంది.

"ఔ బిడ్డా" అన్నాడు. "ఉరికిన."

ఆ సాయంత్రమే పత్రాలన్నీ పొయ్యిలో పెట్టాను. పరిశోధన చెయ్యలేనని గైడుకు ఉత్తరం రాశాను. ఎందుకో రాయలేదు. శనివారం పొద్దున బడి గేటు దగ్గర నిలబడ్డాను. కిటికీ పక్క పిల్ల తండ్రి చెయ్యి పట్టుకుని వచ్చింది. లీడరు తప్ప తొమ్మిదో తరగతి మొత్తం వరండాలో ఉంది. అందరి నోళ్లూ మూసే ఉన్నాయి. చప్పుడు లేదు. ఇక కూయద్దని లీడరు నిన్న సాయంత్రమే అందరికీ చెప్పిందట. పిల్ల లోపలికి వెళ్లింది. ఆయన వెనక్కి తిరిగాడు.

నేను అడ్డం నిలబడ్డాను. అప్పటికే కాలనీలో నల్ల దగ్గరా, క్యాంటీన్ దగ్గరా అదే మాట. తనే ఒప్పుకున్నాడట, ఉరికాడట అని. రాత్రంతా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను.

"మీతోని జోడీగా పనిచేసేది లేదని నిన్న షిఫ్టుల మీ వాళ్లు అన్నరట కదా. నాకు తెలిసింది. ఇది అన్యాయం. మీరు చెప్పకుంటే నేను చెప్తా. ఆ పిల్లకు చెప్తా, వాళ్లమ్మకు చెప్తా, మేనేజరుకు చెప్తా. నాది తప్పు, నేనే దిద్దుత."

ఆయన కోపగించుకోలేదు. చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు అన్నాడు.

"ఆ పిల్ల తల్లి పొద్దున్నె మా ఇంటికొచ్చింది టీచరమ్మా. నా మొకం మీద ఉమ్ముదామని వచ్చిందట. ఉమ్మలె. ఏమన్నది తెలుసా? ఆయిన పోయినకాడి నుంచి నా బిడ్డ రాత్రిళ్లు కన్ను ముయ్యలె, రాత్రి మాత్రం తెల్లారెదాక పన్నది అన్నది. ఇంక పండుకొనే ఉన్నదట. లేపబుద్ధి కాలేదట." ఆయన బడి వైపు చూశాడు. "నువ్వు పొయ్యి లేపుతవా?"

నేను పక్కకు తప్పుకున్నాను. ఆయన ఇంటి వైపు నడిచాడు. నేను తొమ్మిదో తరగతికి వెళ్లి హాజరు తీసుకున్నాను. లీడరు పేరు దగ్గర సెలవు అని రాశాను.